ఇక చాలు

మిరప యార్డులో హమాలీగా పనిచేసే యలమందకు ఒంట్లో బలం ఉండేది, పనిలో పేరుండేది, కానీ "ఇక చాలు" అనే మాట వింటేనే ఒళ్ళు మండేది. ఒక వేసవిలో జ్వరంతో నెలరోజులు మంచం పట్టి లేచాడు. లేచిన వారానికే పనిలోకి వచ్చేశాడు. నాలుగు రోజులు తేలిక పని చూసుకోమని మేస్త్రి చెప్పాడు. పక్కనే ఉన్న సింగయ్య, యలమంద పని ఇక అయిపోయిందని ఎగతాళి చేశాడు. అంతే, మనవాడికి చిర్రెత్తుకొచ్చింది. ఇద్దరూ పందెం వేసుకున్నారు. మండుటెండలో లారీ మీది బస్తాలు గోదాములోకి మోయాలి. మధ్యలో మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళినవాడు ఓడినట్టు.

మధ్యాహ్నానికి సింగయ్య కుండ దగ్గర చతికిలబడ్డాడు. యలమంద గెలిచాడు. గెలిచినవాడు ఊరుకున్నాడా? కాళ్ళు వణుకుతున్నా ఇంకో లారీ కూడా ఖాళీ చేశాడు.

తెల్లారేసరికి తొడలు వాచి బిగుసుకుపోయాయి. ఒంటేలుకు వెళితే టీ డికాషన్‌లా నల్లగా వచ్చింది. గుండె ఝల్లుమంది. అయినా భార్య ఆదెమ్మతో, "వేడి చేసిందిలే, సబ్జా నీళ్ళు తాగితే అదే పోతుంది," అన్నాడు. ఆసుపత్రికి పోదామని ఆమె కాళ్ళావేళ్ళా పడింది. సింగయ్యకు తెలిస్తే నవ్వడూ! ఆ సిగ్గుతో నొప్పుల బిళ్ళలు మింగుతూ మూడు రోజులు గడిపాడు. నాలుగో రోజుకు ముఖం ఉబ్బింది, ఒంటేలు రావడమే ఆగిపోయింది.

అప్పుడు తీసుకెళ్ళారు. ఏం లాభం!

"శక్తికి మించి మోసేసరికి కండలు చితికిపోయాయి," అంది డాక్టరమ్మ. "ఆ చితికిందంతా రక్తంలో కలిసి మూత్రపిండాలకు అడ్డుపడింది. నల్లగా కనిపించిన రోజే వచ్చి ఉంటే సెలైన్లు ఎక్కించి కాపాడేవాళ్ళమేమో."

మింగిన నొప్పుల బిళ్ళలు కూడా ఆ మూత్రపిండాలనే దెబ్బతీశాయట.

నెలలు గడిచాయి. మూత్రపిండాలు కోలుకోలేదు. వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించుకోవాల్సి వచ్చింది. బస్తా సంగతి అటుంచి, బిందె కూడా ఎత్తలేకపోయేవాడు. తాగిన నీరు బయటికి పోయే దారి లేక ఒంట్లోనే చేరుతుంది కాబట్టి, నీళ్ళు కూడా రోజుకు ఇన్నే అని కొలిచి ఇచ్చేవారు. చూడటానికి వచ్చిన సింగయ్య తలవంచుకుని వెళ్ళిపోయాడు.

ఒకరోజు నాలుక పిడచగట్టుకుపోయి, "ఇంకొక్క గుక్క పొయ్యవే," అని యలమంద బతిమాలాడు.

ఆదెమ్మ గ్లాసు పక్కన పెట్టి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఇక చాలయ్యా," అంది.

నీతి: ఒళ్ళు "ఇక చాలు" అన్నప్పుడే ఆగాలి, అది చూపిన గుర్తును సిగ్గుపడి దాచకూడదు. పంతానికి పోయి పోగొట్టుకున్న ఆరోగ్యం ఎంత ఏడ్చినా తిరిగి రాదు.