మునెక్క ముల్లు

అది పింగళ నామ సంవత్సరం. చలి వెనకపట్టి, ఎండ ఇంకా ముదరని మాఘమాసం. ఏ పింగళ అని అడగొద్దు. అరవై ఏళ్లకోసారి వచ్చే పేరది, ఎన్నిసార్లు వచ్చిపోయిందో ఎవరికి తెలుసు? కొండ కింద మూడు పల్లెలు. ఎగువపల్లె, నడిమిపల్లె, దిగువపల్లె. మూడింటికీ పచ్చబొట్లు పొడిచే మనిషి ఒక్కతే. ఆమె పేరు మునెక్క.

మునెక్కకు అమ్మ లేదు, అయ్య లేడు, కట్టుకున్నవాడు ఎప్పుడో కాటికి పోయాడు. కొండ వాలులో గుడిసె. ఏడాదంతా ఆ దిక్కుకు ఎవరూ రారు. పెళ్లిళ్ల కాలం వస్తే మాత్రం పిలుచుకుపోతారు. పెళ్లికూతుళ్లు ఆమె ముందు కూర్చుని చెయ్యి ఆమె ఒళ్లో పెడతారు. నొప్పికి ఏడుస్తారు, ఆమె పాడితే నవ్వుతారు. ఇంకో మనిషి చెయ్యి మునెక్క చేతిలో ఉండేది ఆ కొద్ది రోజులే.

ఆ పల్లెల్లో ఒక ఆచారం ఉండేది. ఆ ఏడు పెళ్లయ్యే పిల్లలంతా వరసగా కూర్చుని ఒకే సూదితో పొడిపించుకోవాలి. ఒక చేతికీ ఇంకో చేతికీ మధ్య సూది కడగకూడదు. ఒకరి నెత్తురు ఒకరికి అంటితే వాళ్లు సూదక్కలు. అత్తగారింట్లో కష్టమొస్తే సూదక్క ఇంటి తలుపు తట్టొచ్చు. సూది కడిగితే ఆ బంధమూ కడుక్కుపోతుందని నమ్మకం.

ఆ ఏడు ముగ్గురు కూర్చున్నారు. సిద్ధమ్మ, కదిరమ్మ, అంకాలు. ముగ్గురికీ నలుగు పెట్టారు, ఒళ్లంతా పసుపు.

మునెక్క సూది ఎత్తి సిద్ధమ్మ మొహం చూసి ఆగింది.

"ఏమే పిల్లా, కండ్లు ఇంత పచ్చగుండాయే? ఒంట్లో బాగుందా?"

సిద్ధమ్మ తల్లి అందుకుంది. "నలుగు పెట్టేటప్పుడు పసుపు కండ్లల్లో పడింది లే. పెండ్లికూతురు పచ్చగుండక నీ సూదిమసి మాదిరి నల్లగుంటాదా?"

అందరూ నవ్వారు. మునెక్క కూడా నవ్వింది. పదిమందిలో కూర్చుని నవ్వే రోజులు ఆమెకు ఎన్నని? సూది సిద్ధమ్మ చేతిలో దిగింది, కదిరమ్మ చేతిలో దిగింది, అంకాలు చేతిలో దిగింది. చివర్లో జారి మునెక్క బొటనవేలిలో కూడా దిగింది. ఆమె వేలు నోట్లో పెట్టుకుని, మిగిలిన పాట పాడేసింది.

వానలొచ్చాయి. ముందు సిద్ధమ్మ కామెర్లతో పడింది. తర్వాత కదిరమ్మ. తర్వాత అంకాలు. ఆకుపసరు పోశారు, తాయెత్తు కట్టారు, మొక్కుకున్నారు. ఒక్కరూ లేవలేదు.

ఎగువపల్లె వాళ్లు దిష్టి అన్నారు. నడిమిపల్లె వాళ్లు ముహూర్తం మంచిది కాదన్నారు. దిగువపల్లె వాళ్లు అమ్మవారికి కోపమొచ్చిందన్నారు. మునెక్క ముందు ఏ వరసలో కూర్చున్నారో అదే వరసలో పోయారని ఆమె ఒక్కతికే గుర్తుంది. గుడిసెలో కూర్చుని సూదిని చాలాసేపు చూసింది. లేచి పోయి కమ్మరి కొలిమిలో వేసింది.

మళ్లీ పెళ్లిళ్ల కాలం వచ్చింది. మునెక్క తుమ్మముళ్లు బుట్ట నిండా కోసుకుని ఎగువపల్లెకు పోయింది.

"ఒక చేతికి ఒక ముల్లు. పొడిచినాక పొయ్యిలో వెయ్యాల. కండ్లు పచ్చగుంటే అసలు పొడవను."

"మా పిల్లల్ని విడదీసేదానికి వచ్చినావా? పో!" అన్నారు.

నడిమిపల్లెకు పోయింది. "ఒక చేతికి ఒక ముల్లు" అంది.

"నీకు ఒక్క సూదక్క లేదని, మా పిల్లలకూ లేకుండా చేస్తావా?" అన్నారు.

దిగువపల్లెకు పోయింది. "ఒక చేతికి ఒక ముల్లు" అంది.

ఆ ఊళ్లో తలుపే తీయలేదు.

మునెక్క గుడిసెకు తిరిగొచ్చింది. ఆ ఏడు ఎవరి చెయ్యీ ఆమె ఒళ్లో పడలేదు. ఆమెకు అన్నం సయించలేదు. ఒకరోజు కుండలో నీళ్లు ముంచుకుంటూ తన మొహం చూసుకుంది. కండ్లు పచ్చగా ఉన్నాయి.

అప్పుడొచ్చింది చెంగమ్మ. మేనమామ ఇంట్లో పెరిగిన పిల్ల. కొండ అవతలి ఊరికి కోడలుగా పోతోంది. తోబుట్టువులు లేరు.

"అక్కా, ముల్లుతోనే పొడువు. అయితే నాకు సూదక్క ఎవరు? ఆ ఊళ్లో నాకెవరుండారు?"

మునెక్క గడప లోపలే ఉండి, బయటున్న ప్రమిద చూపించింది. "ఆ ప్రమిద ముట్టించు. పైన పెంకు బోర్లించి పచ్చబొట్టుకు మసి పట్టు. సగం నీకు, సగం ఇంకో పిల్లకు. ఒకే దీపం మసి ఇద్దరి చేతుల్లో ఉంటే తోడు కాదా? నెత్తురే కలవాలనేముంది?"

చెంగమ్మ మసి పట్టింది. రెండు చిప్పల్లోకి తీసింది. ఒక చిప్ప గడప మీద పెట్టింది.

"ఆ ఇంకో పిల్లవి నువ్వే. చెయ్యి ఇట్లియ్యి, నేను పొడుస్తా."

మునెక్క చెయ్యి దుప్పటి కిందికి లాక్కుంది.

"వద్దు తల్లీ. ముల్లు జారి నీ వేలిలో దిగితే? నా నెత్తురు నీకొద్దు."

"ఒక్క చుక్కే అక్కా!"

"ఒక్క చుక్క కూడా వద్దు. పో. నీ ఈడు పిల్ల ఎవరైనా ఉంటే ఆ మసి ఇయ్యి. కొత్త ముల్లు తీసుకోమను."

చెంగమ్మ గడప అవతలే కూర్చుని ఏడ్చింది. మునెక్క గడప ఇవతల కూర్చుని ఆమెకు పెళ్లికూతుళ్ల పాట పాడింది. పొద్దుగూకింది. చెంగమ్మ వెళ్లిపోయింది. ఆ తర్వాత మునెక్కతో మాట్లాడిన మనిషి లేదు. ఎప్పుడు పోయిందో కూడా ఎవరూ చూడలేదు.

చెంగమ్మ కొండ అవతల తోడికోడలికి ఆ మసి ఇచ్చింది, కొత్త ముల్లిచ్చింది, ఎవరి ముల్లుతో వాళ్లకు ఒకరికొకరు పొడుచుకున్నారు. వాళ్లిద్దరికీ జబ్బు రాలేదు. ఆ మాట మెల్లగా కొండ దిగి మూడు పల్లెలకూ చేరింది. ఇప్పటికీ అక్కడ పచ్చబొట్టు పొడిపించుకునే పిల్ల తన ముల్లు తనే తెచ్చుకుంటుంది. దాన్ని మునెక్క ముల్లు అంటారు. పొడిచేముందు నలుగు మొత్తం కడిగి, ఎండలో నిలబెట్టి, కండ్లు చూస్తారు. పచ్చగుంటే పెళ్లైనా ఆపుతారు గానీ ముల్లు ముట్టరు. పొడిచాక ముల్లు పొయ్యిలో పడేదాకా ఎవరూ లేవరు.

ఆ ఏడు ఆ సూది దిగినవాళ్లు నలుగురు, నలుగురూ పోయారు. సిద్ధమ్మ, కదిరమ్మ, అంకాలు, మునెక్క.