మందు రాయని నాలుగు కుందేళ్ళు

గరటయ్యగారికి ఒక అలవాటుండేది. శిష్యులు ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పేవారు కాదు, చేతికేదో పని అప్పగించేవారు. పశువైద్య కళాశాలలో ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్ళందరికీ ఇది అనుభవమే. అంకమ్మ అడిగిన ప్రశ్న మాత్రం చిన్నది. "జాలిపడటం తప్పా సార్?"

అంకమ్మది గొర్రెల కాపర్ల ఇల్లు. ఆమె చిన్నతనంలో గజ్జి పట్టి వాళ్ళ మందలో సగం పోయింది. సూదిమందు అందని ఊళ్ళకు చెట్టుమందు ఏదైనా తేవాలని ఆమె పట్టుదల. మూడేళ్ళలో మూడు ఆకులు చూసింది, మూడూ పనిచేయలేదు. నాలుగోది కానుగ నూనెలో కాచిన సీతాఫలం ఆకు. ఎనిమిది కుందేళ్ళకు గజ్జి అంటించి, నాలుగింటికి ఆ నూనె రాస్తూ, తక్కిన నాలుగింటికి ఏమీ రాయకుండా నెలరోజులు చూడాలి. తేడా కనిపిస్తేనే మందు పనిచేసినట్టు.

పన్నెండో రోజుకు నూనె రాసిన చెవుల మీద నూగు మొలిచింది. మూడేళ్ళలో ఆమె చూసిన మొదటి మంచి అదే. కానీ అవతలి గూళ్ళ వైపు తిరిగితే ఆ సంతోషం నిలిచేది కాదు. ఆరో నంబరు కుందేలు మేత మానేసి, రసి కారే చెవిని ఊచలకేసి రుద్దుకుంటూ ఉండేది. ఒక ఉదయం ఆమె వేలికంటిన నూనెను దాని చెవికి రాసింది. మర్నాడు పక్క గూటిలోనిది తనవైపే చూస్తున్నట్టనిపించి దానికీ రాసింది. వారం తిరిగేసరికి నాలుగింటికీ రాస్తోంది.

ముప్ఫయ్యో రోజున గరటయ్యగారు ఒక్కొక్కదాన్నీ ఒళ్ళో పెట్టుకుని చూశారు. ఎనిమిదీ కోలుకున్నాయి. ఆయన ముఖం వాడిపోయింది.

"మందు రాయనివాటికీ తగ్గిందమ్మా. అది దానంతట అదే తగ్గిందంటే ఇక నీ నూనె గొప్పేముంది? ఈ ఆకునూ పక్కన పెట్టెయ్."

అంకమ్మ ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అప్పుడే ఆమె ఆ ప్రశ్న అడిగింది, జాలిపడటం తప్పా అని.

"రేపు తొమ్మిదింటికి రామ్మా" అన్నారాయన.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి బల్ల మీది బుట్టలో ఎనిమిది కొత్త కుందేళ్ళున్నాయి. ఒంటి మీద మచ్చన్నది లేదు. ఒకటి ఆమె వేళ్ళు వాసన చూసి నాకింది. పక్కనే గాజు పళ్ళెంలో, గజ్జి పట్టిన వేరే కుందేలు చెవి నుంచి తీసిన పక్కులున్నాయి. కంటికి ఆనని పురుగులన్నీ వాటిలోనే ఉంటాయి.

"పాత పరీక్ష పనికిరాదు. మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలి. అంటించు."

"నా వల్ల కాదు సార్. ఇక మానేస్తాను."

"మానేస్తే ఆ నూనె పనిచేసేదో కాదో మీ కాపర్లకు ఎప్పటికీ తెలియదు. ఆ పైన నీ ఇష్టం."

అంతకుమించి ఆయన బలవంతపెట్టలేదు. చిన్న పటకారు ఆమె ముందుంచి, మొదటి కుందేలును తానే ఒళ్ళోకి తీసుకుని చెవి విప్పి పట్టుకున్నారు. ఆయన మాత్రం దాని ముఖం వైపు చూడలేదు.

అంకమ్మ ఆ కుందేలు తల నిమిరింది. చివరికి ఒక పక్కు తీసి ఆ గులాబిరంగు చెవిలో పెట్టి, పైన గుడ్డ చుట్టి అంటించింది. కుందేలు రెండుసార్లు తల విదిలించింది. ఆ తర్వాత ఏమీ జరగనట్టే బల్ల మీది గడ్డిపోచ అందుకుని నమలసాగింది. ఆమె పటకారు కింద పడేసి ముఖం చేతుల్లో దాచుకుంది.

గరటయ్యగారు పటకారు తీసి, తుడిచి, మళ్ళీ ఆమె ముందే పెట్టారు. బుట్టలోంచి రెండోదాన్ని ఎత్తుకున్నారు.

"తప్పని నేనెప్పుడన్నానమ్మా?" అన్నారు మెల్లగా. "ఇంకా ఏడున్నాయి."