ఆగని కాళ్ళ బాట

అనగనగా ఒక ఊరు. మన దేశంలో కాదు బుజ్జీ, ఇంగ్లండులో. ముప్పై ఇళ్ళు, ఒక చర్చి, వానకు నానే రాతి గోడలు. నీ కాళ్ళు దుప్పట్లో ఆగడం లేదుగా, అందుకే ఈ కథ.

ఆ ఊళ్ళో ఆగ్నెస్ అని ఒక ముసలమ్మ ఉండేది. ఆమె కాళ్ళూ ఆగేవి కావు. పొయ్యి మీద నీళ్ళు కాగేలోపు వీధి చివరిదాకా వెళ్ళొచ్చేది. రోజూ ఒక పొలంలోని కాలిబాటన అడ్డంపడి, అవతల మంచం పట్టిన చెల్లెలు హిల్డా దగ్గరికి పోయేది. కాస్త నిలబడవమ్మా అని ఊరంతా విసుక్కునేది.

అప్పుడు ఆ పొలాన్ని క్రాలీ దొర కొన్నాడు. కొన్న వారానికే బాటకు అడ్డంగా ముళ్ళకంచె వేశాడు. రోడ్డు మీద చుట్టూ తిరిగితే నాలుగు మైళ్ళు. అంతదూరం ఆగ్నెస్ మోకాళ్ళు మోయలేవు. చెల్లెలు కిటికీలోంచి చూస్తూ ఉంటుందని తలుచుకుంటూ, ఆమె గదిలోనే ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేది.

ఊరివాళ్ళు మొరపెట్టుకుంటే, బాట ఎవరిదో తేల్చడానికి ఒక అధికారి వచ్చి చర్చిలో కూర్చున్నాడు.

మొదట పాదిరి గారు లేచి, పూర్వం ఒక రాజు ఈ బాటనే పారిపోయాడన్నారు. ఏ రాజు, ఏ సంవత్సరంలో అని అడిగాడు అధికారి. పాదిరి గారు మెల్లగా కూర్చున్నారు. ఆ రాజు సంగతి నేనూ నమ్మను.

తర్వాత బడిపంతులు పాత పటం విప్పాడు. బాట ఉండాల్సిన చోట ఎలుక కొరికిన కన్నం ఉంది.

అప్పుడు ఊరి పెద్దలు, తాము మర్యాదస్థులమనీ, పాత ఆసామిని టోపీ తీసి అడిగిగానీ పొలంలో అడుగు పెట్టలేదనీ గొప్పగా చెప్పారు. క్రాలీ దొర నవ్వాడు. ఎందుకంటే ఆ దేశపు నియమం వేరు. జనం ఇరవై ఏళ్ళు అడక్కుండా, ఎవరూ ఆపకుండా నడిస్తేనే అది జనం బాట. అడిగి నడిస్తే అది ఆసామి దయ. ఆ మాట అధికారి చెప్పగానే పెద్దల ముఖాలు వాడిపోయాయి.

చివరికి ఆగ్నెస్ వంతు వచ్చింది. ఆమె నిలబడ్డచోటే అడుగులు వేస్తోంది.

"మీరూ అడిగే నడిచారా?" అన్నాడు అధికారి.

"నలభై ఏళ్ళు నడిచాను బాబూ. అడగాలంటే ఆగాలి కదా."

"మీ ఒక్కరి నడక చాలదమ్మా."

"ఒక్కదాన్నా? తాళం మరిచావని ఒకరు, గొడుగు మరిచావని ఒకరు, రోజూ ఊళ్ళో సగం మంది నా వెనకే. పరిగెత్తేవాళ్ళకి అడిగే తీరికెక్కడ?"

అధికారి పెద్దల వైపు చూశాడు. అవును, పరిగెత్తామని అందరూ తలలు వంచుకుని ఒప్పుకున్నారు.

అయితే ఇది జనం బాటే అని అధికారి తేల్చాడు, కంచె తీసేశారు. ఆగ్నెస్ పొలం దాటి, తలుపు తోసింది.

"ఇన్నాళ్ళూ ఎక్కడ ఆగిపోయావే అక్కా?" అంది హిల్డా.

ఆగ్నెస్ వెళ్ళి మంచం అంచున కూర్చుంది. టీ చల్లారేదాకా లేవలేదు.

కథ కంచి బాట పట్టింది,
మన కాలు గడప మెట్టింది.
అడక్కుండా వచ్చే నిద్దర
అదిగో, నీ రెప్ప తట్టింది.