ఎనిమిదో కర్ర

ఇందుమతి ఆ పొద్దున కాఫీ కూడా తాగకుండా బడికొచ్చింది. పిల్లల బడిలో పంతులమ్మగా నిలబడాలంటే, పెద్ద పంతులమ్మ రుక్మాంబగారు ఎదురుగా కూర్చుని పాఠం చూసి పుస్తకంలో సంతకం పెట్టాలి. రెండుసార్లు పెట్టలేదు. ఇవాళ కూడా పెట్టకపోతే మూటాముల్లె సర్దుకోవడమే.

పాఠమా, ఏమంత పెద్దది కాదు. పది ఎర్ర కర్రలు. చిన్నది బెత్తెడుంటుంది, పెద్దది మీటరు. వాటిని పొడుగు వరసలో మెట్లలా పేర్చాలి. నాలుగేళ్ళ నర్గీసు పది రోజులుగా తప్పే పేరుస్తోంది.

"ఎన్నిసార్లు చూపించానో లెక్కే లేదండీ. దాని బుర్రకెక్కడం లేదు," అంటూ ఇందుమతి పది కర్రలూ కట్టెలమోపులా చంకన పెట్టుకొచ్చి చాప మీద దించబోయింది.

రుక్మాంబగారు ఆ మోపు అందుకున్నారు. "రోజూ ఇవెవరు తెస్తారమ్మా?"

"నేనేనండీ. పిల్ల ఒక్కొక్కటే రెండు చివర్లూ పట్టుకుని తెచ్చేసరికి తెల్లారిపోతుంది. తీసి సర్దేదీ నేనే."

ఆవిడ లేచారు. గది ఆ చివరికి నడిచి, కర్రలన్నీ అరలో పెట్టేసి, నర్గీసుని తెమ్మని చెప్పి, వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఇందుమతి గోడ గడియారం చూసింది. గంట కొట్టడానికి అరగంటే ఉంది.

నర్గీసు ఒక్కొక్క కర్రా మోసుకొచ్చింది. మీటరు కర్రకి చేతులు బార్లా చాపితే గానీ చివర్లు అందలేదు. అది కాస్తా తలుపుకి తగిలింది. పిల్ల పకపకా నవ్వి మళ్ళీ మొదలెట్టింది. 'నా తల్లీ, కాస్త త్వరగా రావే' అనుకుంటూ ఇందుమతి లోలోపలే వేయి దేవుళ్ళకి మొక్కుకుంది.

పేర్చడం అయింది. చిన్నదాని నుంచి లెక్కపెడితే, ఏడో కర్ర చోట ఎనిమిదోది, ఎనిమిదో దాని చోట ఏడోది పెట్టింది!

ఇందుమతి చెయ్యి దానంతటదే లేచింది. రుక్మాంబగారు కర్రలకేసి చూడటం లేదు, ఆ చేతికేసి చూస్తున్నారు. ఇందుమతి గబుక్కున రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చుంది.

గంట కొట్టేశారు. మెట్లు తప్పుగానే ఉన్నాయి. అంతా అయిపోయిందనుకుంది ఇందుమతి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సర్దెయ్యమ్మా నర్గీసూ," అన్నారు రుక్మాంబగారు.

పిల్ల పెద్దదాని నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే మోసుకెళ్ళింది. మూడు కర్రలు అరలోకి చేరాయి. నాలుగోది రెండు చివర్లూ పట్టుకుని నడుస్తూ గది మధ్యలో ఆగిపోయింది. చేతులు ఇందాకటి కన్నా ఎడంగా చాపాల్సొచ్చింది. తన ఎడమ చేతికేసి చూసుకుంది, కుడి చేతికేసి చూసుకుంది. ఒక్క పరుగున అర దగ్గరికి వెళ్ళి, ఇందాక పెట్టినదాని పక్కన ఇది ఆనించి చూసింది.

"టీచర్! ఇదే పెద్దది! నేనే తప్పు పెట్టా!"

ఎవరూ చెప్పకుండానే నాలుగు కర్రలూ మళ్ళీ ఒక్కొక్కటే చాప దగ్గరికి మోసుకొచ్చి, మెట్లు సరిచేసింది.

రుక్మాంబగారు పుస్తకం తెరిచి, సంతకం పెట్టి, లేచారు.

"ఇంక చేతులు బయటికి తీసుకోమ్మా," అన్నారు. "తిమ్మిరెక్కి ఉంటాయి."