గంగాళంలో పెళ్ళికూతురు

పిల్లలూ, మీరు పెరిగే ఊళ్ళో వెదురు గంపలు లేవు, అవి అల్లే మేదరి వాళ్ళూ లేరు. కాబట్టి ఈ కథ మీ చెవిన పడి ఉండదు. వినండి.

ఒకానొక రాజ్యంలో కంఠీరవ భూపతి అనే రాజు ఉండేవాడు. అతనికి దర్పం జాస్తి. ఒకనాడు బావమరిది రణధీరుడు, కోట సంతలో గంపలూ చేటలూ చూస్తే పరువు తక్కువగా ఉందన్నాడు. అంతే, ఇకమీదట కోటలో వెదురుపుల్ల కనబడకూడదనీ అంతా ఇత్తడే వాడాలనీ రాజు చాటింపు వేయించాడు.

మర్నాడే మేదరి కేతమ్మ, ఆస్థానంలో చమత్కారి అని పేరున్న వల్లభప్ప గుమ్మం ముందు కూలబడింది. తమ పల్లెలో ఆడవాళ్ళందరూ అల్లుకుని బతికేది ఆ సంత మీదేననీ, అది పోతే పొయ్యి వెలగదనీ చెప్పుకుంది.

వల్లభప్పకు ఆ పూట అన్నం సయించలేదు. వెళ్ళి రాజును బతిమాలాడు. రాజు వినలేదు సరికదా, రాకుమారి పెళ్ళి సామగ్రి పనంతా అతనికే అప్పగించాడు.

"చిత్తం ప్రభూ. పెళ్ళిలో కూడా వెదురు వద్దంటారా?"

"పెళ్ళిలో మరీ వద్దు."

వల్లభప్ప నేరుగా కేతమ్మ దగ్గరికి వెళ్ళి, గట్టి బుట్ట ఒకటి అల్లుకుని పెళ్ళినాడు కోట గుమ్మం బయట కూర్చోమన్నాడు.

ముహూర్తం దగ్గరపడింది. పెళ్ళికూతుర్ని బుట్టలో తీసుకురమ్మన్నాడు పురోహితుడు. మేనమామ మోసుకురావడం మన ఆచారం కదా. తీరా తెర తీస్తే రాకుమారి పెద్ద ఇత్తడి గంగాళంలో కూర్చుని ఉంది.

మేనమామ అంటే రణధీరుడే. మీసం దువ్వి, వంగి, గంగాళం చెవులు పట్టుకున్నాడు. అది కదల్లేదు. మళ్ళీ పట్టాడు. తలపాగా జారి గంగాళంలో పడింది. ముత్తయిదువలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"మామయ్యా, పోనీ నేనే దిగి నడిచి రానా?" అంది రాకుమారి, తలపాగా అందిస్తూ. (ఆ పిల్లకు ఎక్కడా దెబ్బ తగల్లేదు, కంగారుపడకండి.)

నడిస్తే ఆచారం తప్పుతుందన్నాడు పురోహితుడు. రాజుకు చెమటలు పట్టాయి.

"వల్లభప్పా, ఒక బుట్ట తెప్పించవయ్యా."

"గుమ్మం దాకా వచ్చే ఉంది ప్రభూ. తమ ఆజ్ఞ అడ్డం నిలబడింది."

"ఆజ్ఞ రద్దు చేశాను, పో."

వల్లభప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడే కానీ కదల్లేదు.

"ఈ ఒక్క బుట్టకా ప్రభూ, అన్ని బుట్టలకూనా?"

"అన్నిటికీనయ్యా బాబూ. ముహూర్తం మించిపోతోంది."

కేతమ్మ బుట్ట పట్టుకుని లోపలికి వచ్చింది. రణధీరుడు ఈసారి పిల్లను పువ్వులా ఎత్తుకుపోయాడు. తలంబ్రాలు పడ్డాక రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మా బావమరిది నడుం విరగ్గొట్టి నా మాట నాచేతే మింగించావు. ఏం కావాలో కోరుకో."

"ఎండలో కూర్చుని అమ్ముకుంటున్నారు ప్రభూ. కోట వాకిట్లో నీడ ఉన్న అరుగొకటి ఆ మేదరి ఆడవాళ్ళకు ఇప్పించండి."

రాజు అరుగూ ఇచ్చాడు, వద్దంటున్నా వల్లభప్ప చేతికి కంకణమూ తొడిగాడు.

ఇంతే కథ. రేపు మీ స్నేహితులకు చెప్పండి, ఎప్పటికైనా మీ పిల్లలకూ చెప్పండి. రాజు పేరు మరిచిపోయినా ఫరవాలేదు. కేతమ్మ పేరు మాత్రం వదిలేయకండి.