అద్దె కాగితానికి తాత్పర్యం

శేషారత్నానికి ఆ రోజుల్లో ఒకటే బెంగ. మాణిక్యాంబగారి దగ్గర చేరి ఇన్నేళ్ళుగా పురాణం చెప్పడం నేర్చుకుంటున్నా, ఆవిడ నోటివెంట "ఇక నువ్వు చెప్పగలవు" అన్న మాట రాలేదు.

సాలూరులో వేగావతి ఒడ్డున అమ్మగారిది చిన్న పెంకుటిల్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్ళంతా అక్కడికి చేరేవారు. అమ్మగారు పద్యం చదివేవారు, రత్నం తాత్పర్యం చెప్పేది. ఆ తాత్పర్యం కోసమే చంటిపిల్లల్ని చంకనేసుకుని వచ్చేవాళ్ళూ ఉండేవారు. ఎంత చిక్కు పద్యమైనా రత్నం నోట పడితే వెన్నలా కరిగిపోయేదని చెప్పుకునేవారు.

పద్యాన్ని పదం పదంగా విడదీసి, ఒక్కో పదానికీ అర్థం చెప్పి, ఆ తర్వాతే తాత్పర్యం చెప్పాలన్నది అమ్మగారు నేర్పిన పద్ధతి. మొదటి రెండూ రత్నం ఎప్పుడో వదిలేసింది. రసం తీశాక పిప్పితో పనేముందని ఆ పిల్ల లోపలి మాట.

అలా ఉండగా, కార్తీకమాసమంతా తమ ఊళ్ళో పురాణం చెప్పమని పార్వతీపురం ఆడవాళ్ళు కబురు పెట్టారు. అమ్మగారిని కాదు, రత్నాన్ని. ఉండబట్టలేక ఆ సాయంత్రమే అడిగేసింది.

"నేను వెళ్ళనా అమ్మగారూ? నాకు వచ్చినట్టేనా?"

అమ్మగారు దూదితో వత్తులు చేసుకుంటున్నారు. వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఇంతలో వీధి గుమ్మంలో ఎర్నమ్మ కనబడింది.

ఎర్నమ్మ లారీల అడ్డా దగ్గర టార్పాలిన్లు కుడుతుంది. సాలూరు లారీ ఏ దేశం వెళ్ళినా దాని నెత్తిన తన కుట్టే ఉంటుందని నవ్వుతూ అంటుంది. ఆవిడ అద్దెకున్న కొట్టు గవరయ్యగారిది. ఇన్నాళ్ళూ ఇద్దరి మధ్యా నోటిమాటే నడిచింది. ఇప్పుడు పిల్లలు ఎదిగొచ్చారు, రేపు మాట తేడా రాకుండా కాగితం రాసుకుందామన్నాడాయన. కాగితమూ, సిరా డబ్బీ చేతికిచ్చి, నీకు నమ్మకమున్న వాళ్ళచేత చదివించుకుని వేలిముద్ర వేసి తెమ్మన్నాడట. ఉన్నమాట చెప్పుకోవాలంటే, మంచిమాటే అన్నాడు.

"నాకు సదువు లేదు గదా అమ్మగారూ. మీరు ముద్దరెయ్యమంటే యేస్తాను, మానమంటే మానేస్తాను," అంది ఎర్నమ్మ.

అమ్మగారు రత్నంకేసి చూపించారు.

రత్నం కాగితం అందుకుంది. కళ్ళు పైనుంచి కిందికి ఒక్కసారి జారాయి. ఆ తర్వాత కాగితం పక్కన పెట్టి, అలవాటైన గొంతుతో చెప్పుకుపోయింది. కొట్టు పదకొండు నెలలకు అద్దెకిచ్చారని, అది అందరూ రాసుకునే గడువేనని, గడువు తీరాక ఇష్టమైతే మళ్ళీ రాసుకోవచ్చని చెప్పింది. అద్దె నెలనెలా ఇవ్వాలి, కొట్టును సొంత ఇంటిలా చూసుకోవాలి, తక్కినవన్నీ మామూలు షరతులే అంది.

ఎర్నమ్మ ముఖం విప్పారింది. "పాపగారు సెప్తే పురాణం ఇన్నట్టే ఉంది," అంటూ కొంగుముడి విప్పి సిరా డబ్బీ తీసింది.

అమ్మగారు వత్తులు పక్కన పెట్టి చెయ్యి చాచారు. ఎర్నమ్మ డబ్బీ ఆవిడకిచ్చింది. అమ్మగారు మూత తీసి, రత్నం ఎడమచెయ్యి పట్టుకుని, బొటనవేలిని సిరాలో గట్టిగా అద్దారు. కాగితం ఒళ్ళోకి లాగి, అడుగున ముద్ర వెయ్యాల్సిన చోటికి ఆ వేలిని తీసుకొచ్చి, తాకీ తాకకుండా నిలబెట్టారు. మణికట్టు వదల్లేదు.

"ఇప్పుడు చదువమ్మా," అన్నారు.

"అమ్మగారో, ఆ యేలు గాని పడిందంటే కొట్టు పాపగారిదైపోతాది. రేపట్నుంచి టార్పాలు కుట్టుకోవాల," అని ఎర్నమ్మ నవ్వింది.

రత్నం కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. కింద తెల్ల కాగితం, పైన తన తడి వేలు. అమ్మగారు చెయ్యి వదిలితే ముద్ర పడిపోతుంది. పడితే మరి తుడిచేది కాదు.

మొదటి మాట నుంచి గొంతెత్తి చదవడం మొదలుపెట్టింది. ఈసారి ఒక్కో మాట దగ్గరా ఆగింది. 'మరమ్మతులు' అన్నచోట, కప్పు కారితే ఎవరు బాగుచేయిస్తున్నారని ఎర్నమ్మనడిగింది. గవరయ్యగారే అంది ఎర్నమ్మ. కాగితంలోనూ అలాగే ఉంది. 'ఇతరులకు ఇవ్వరాదు' అన్నచోట మళ్ళీ ఆగి, కొట్టులో ఇంకెవరైనా కూచుంటారా అనడిగింది. ఆడపడుచు అక్కడ లారీలకి కట్టే మోకులమ్ముకుంటుందట, అది గవరయ్యగారికి తెలుసునట. అయినా ఆ సంగతి ఆయనతో చెప్పి రాయించుకోవాలని రత్నం మనసులో పెట్టుకుంది. కరెంటు బిల్లు ఎవరి పేరున ఉందో కూడా అడిగింది.

ఆ తర్వాతి వాక్యం ఇందాక తన కళ్ళు 'మామూలు షరతులు' అని దాటేసినదే.

"అద్దెదారు నేలకు గాని గోడలకు గాని బిగించిన సమస్త వస్తువులును, కొట్టు ఖాళీ చేయునప్పుడు, యజమానికే చెందును."

రత్నం తలెత్తింది. "ఎర్నమ్మా, నీ కొట్టులో నేలకి బిగించినదేమైనా ఉందా?"

"ఏటుంటాది పాపగారూ. మిషనే గదా. మందపాటి గుడ్డేస్తే గెంతులేస్తాదని కాళ్ళు నేల్లోకి దించి సిమెంటు పోయించినాం." నగ లేని తన ముక్కువైపు చెయ్యి చూపింది. "నత్తమ్మి కొన్నాను దాన్ని. అదే నాకు కూడెడతంది."

రత్నం ఆ వాక్యం మళ్ళీ చదివింది, ఈసారి ఎర్నమ్మకి అర్థమయ్యే మాటల్లో.

"అయితే నాను కొట్టొదిలేస్తే, మిషను అక్కడుండిపోతాదా?" అంది ఎర్నమ్మ నెమ్మదిగా. తెరిచి ఉన్న సిరా డబ్బీకి తనే మూత పెట్టేసింది.

అమ్మగారు అప్పుడు రత్నం చెయ్యి కాగితం మీంచి పక్కకి తీసి వదిలారు.

రత్నం, ఎర్నమ్మ కలిసి గవరయ్యగారింటికి వెళ్ళారు. ఆయన వరండాలో కుర్చీ వేయించి, కళ్ళజోడు తెప్పించుకుని, రత్నం చూపించిన చోట చదివాడు. చదివి నొచ్చుకున్నాడు. రాసినతను ఎవరిదో పాత కాగితం చూసి దించేశాడని, తనూ సంతకం పెట్టే చోటు తప్ప ఏమీ చూసుకోలేదని ఒప్పుకున్నాడు.

"ఆ మిషను నాకెందుకమ్మా, నేను కుట్టుకుంటానా?" అని ఎర్నమ్మకేసి చూశాడు.

ఆ వాక్యం కొట్టేసి, కుట్టుమిషను ఎర్నమ్మదేనని, తీసుకెళ్ళేటప్పుడు గచ్చు బాగుచేసి వెళ్ళాలని ఆయనే తన చేత్తో రాశాడు. ఆడపడుచు మోకుల సంగతీ చేర్చాడు. దిద్దిన ప్రతిచోటా పక్కనే ఆయన సంతకం, ఎర్నమ్మ ముద్ర పడ్డాయి. ఎర్నమ్మ దగ్గర ఉంచుకోవడానికి అలాంటిదే ఇంకో ప్రతి కావాలని రత్నం అడిగితే, అడగడమే మంచిదైందని రాయించి ఇచ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఎర్నమ్మ రోడ్డు మీదే ఆగిపోయి, సిరా వేలితోటే రెండు చేతులూ జోడించింది. "నీ కడుపు సల్లగుండ, నా కూడు నిలబెట్నావు పాపగారూ," అంది. ఇందాక ముద్ర వేసెయ్యమన్నట్టు చెప్పిందీ తనే కదా అనుకుంది రత్నం. ఆవిడ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని అలాగే నిలబడిపోయింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మగారు మళ్ళీ వత్తులు చేసుకుంటున్నారు. రత్నం జరిగినదంతా చెప్పింది. గవరయ్యగారి మంచితనానికి అమ్మగారు దేవుడికో దణ్ణం పెట్టుకున్నారు.

"జాగ్రత్తగా చదవమని ఒక్క మాట చెబితే సరిపోయేది కదమ్మగారూ, వేలికి సిరా ఎందుకు?" అంది రత్నం.

"చెబితే వినేదానివి, చదివేదానివి కాదు," అన్నారు అమ్మగారు.

కాసేపటికి ఆవిడే అడిగారు, పార్వతీపురం వాళ్ళకి ఏమని కబురు పంపుతావని.

"పంపుతాను లెండి. ముందు ఓసారి ఎర్నమ్మ కొట్టుకి వెళ్ళొస్తాను," అంది రత్నం. "ఆ మిషను ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు."

అమ్మగారు దూది పళ్ళెంలో పెట్టి, మోకాలి మీద చెయ్యేసి లేచారు.

"పద, నేనూ చూడలేదు."