సిద్దప్ప తాగిన గుక్క

అనగా అనగా, రెండు రాజ్యాల నడుమ ఏ రాజూ నాది అనని ఒక కనుమ. అక్కడ దొంగలదే రాజ్యం. ఆ దొంగలంతా పోయిన చాలా కాలానికి, కనుమ కింద ఊళ్లో సిద్దప్ప అనే ఆయన ఉండేవాడు.

సిద్దప్పకు రెండు పిచ్చులు. ఒకటి మట్టీ, రాయీ, నీళ్లూ. నాకి చూసేవాడు, కాల్చి చూసేవాడు, నానబెట్టి చూసేవాడు. రెండోది పాత దొంగల కథలు. ముసలివాళ్లు కనబడితే చాలు, పక్కన చతికిలబడేవాడు. కూడు పెట్టని చదువని ఊరు నవ్వేది. నవ్వడానికేం, ఊరికి వేరే పనేముంది?

ఊరందరికీ తెలిసిన కథ ఒకటే. కత్తి మైలారి అనే దొంగ కనుమలోని ఊటలో విషం కలిపాడు, ఉప్పు బేరగాళ్లను చంపాడు, మూటలు దోచాడు. ఆ పాపానికి మైలారి వంశాన్ని ఊరి బావి తాకనిచ్చేవారు కాదు.

ఆ కథ గురించి సిద్దప్ప ముగ్గుర్ని అడిగాడు. గొర్రెల కాపరినడిగితే, "అది జరిగింది కరువేడు" అన్నాడు. ఉప్పు బేరగాడి మనవడినడిగితే, "మా మూటలు కట్టినవి కట్టినట్టే దొరికినాయంట" అన్నాడు. మైలారి మునిమనవరాలు ఓబులమ్మనడిగితే, "మా ముత్తాత కూడా ఆ నీళ్లే తాగి సచ్చినాడు సామీ. దేవుడు శిక్షించినాడంటారు" అంది.

విషం కలిపినవాడు ఆ నీళ్లే ఎందుకు తాగుతాడు? ఆ ప్రశ్న సిద్దప్పను పట్టుకుంది.

ఇంతలో మళ్లీ కరువొచ్చింది. ఊట అడుగంటింది. ఆ నీళ్లు తాగి ఇద్దరు బాటసారులు చచ్చిపోయారు. అక్కడ మేకలు మేపుతున్న ఓబులమ్మను ఆ ఊరి పాలెగాడి మనుషులు పట్టుకున్నారు. పొద్దు గూకేలోగా కొండ మీది నుంచి తొయ్యమని తీర్పు.

సిద్దప్ప పరుగెత్తుకొచ్చాడు. "ఆయమ్మ తప్పు లేదు దొరా. ఊట అడుగున పచ్చరాయి ఉంది, విషం దాంట్లో ఉంది. నీళ్లు నిండుగా ఉంటే తెలీదు. తగ్గితే చంపుతాది."

"రాయికి విషమా?" అన్నాడు పాలెగాడు.

సిద్దప్ప ఊట నీళ్లు కోడికి పోశాడు. చచ్చింది. "అది కలిపిన విషానికే చచ్చింది" అన్నారు.

ఎగువన, ఎవరూ చెయ్యి పెట్టని చోట పచ్చరాయిని పగలగొట్టాడు. దాని సందులోంచి ఊరిన నీళ్లు ఇంకో కోడికి పోశాడు. చచ్చింది. "నీ చేతిలో మందుంది" అన్నారు.

పొద్దు కొండకు ఆనింది. ఓబులమ్మను అంచుకు నడిపించారు.

సిద్దప్ప ఆ కొత్త నీటికి దోసిలి పట్టాడు.

"వద్దు సామీ" అంది ఓబులమ్మ.

"నా నోట్లో నేనే మందేసుకుంటానా దొరా?" అని తాగేశాడు.

అందరూ అతన్నే చూస్తూ నిలబడ్డారు. ముందు చేతులు వణికాయి. తర్వాత వాంతులు. తర్వాత కళ్లు నిలిచిపోయాయి. అప్పుడన్నాడు పాలెగాడు, "కట్లిప్పండి" అని. సిద్దప్ప విన్నాడో లేదో. వినే ఉంటాడని నా నమ్మకం.

ఇప్పటికీ ఎండాకాలం ఆ కనుమలో చలివేంద్రం పెట్టేది మైలారి వంశమే. ఊరి బావి నీళ్లే మోసుకొస్తారు. చెంబు ముంచి, ముందు తామొక గుక్క తాగి, ఆ తర్వాతే బాటసారికి పోస్తారు. ఎందుకమ్మా అంటే, "సిద్దప్ప గుక్క అయిపోయింది. ఇంక నువ్వు తాగు నాయనా" అంటారు.